విశాఖ కంసాలుల చేతి దంతపు పని: బ్రిటన్ రాజభవనం దాకా వెళ్ళిన సామాను కథ

[తెరపై: పాత రాతబల్ల సొరుగు, బాగా దగ్గరగా]

నమస్కారం. ఈ సొరుగు అంచును కాస్త నిదానంగా చూడండి. ముదురు గోధుమరంగు కర్రలో ఒక తెల్లని తీగ మెలికలు తిరుగుతూ, ఆకులు వేస్తూ, మూల దగ్గర పువ్వుగా విచ్చుకుంటుంది. ఆ తెలుపు రంగుపూత కాదు, కర్రలో పొదిగిన ఏనుగు దంతం. ఆకుల మీద ఈనెల్లా కనిపించే వెంట్రుకంత సన్నని నల్లగీతలు కూడా కుంచెతో వేసినవి కావు. ఇది పద్దెనిమిదో శతాబ్దపు విశాఖపట్నం పనితనం.

ఆ కాలంలో సామాన్య తెలుగు ఇంటి సామాను అంటే పీటలు, చాపలు, నులకమంచం, ధాన్యానికి గాదె, కలిగినవారింట భోషాణం. కుర్చీ అన్న మాట అరబ్బీ, పారశీక భాషల మీదుగా, అలమర పోర్చుగీసు నుంచి మనకు చేరాయి. 1682లో ఈస్టిండియా కంపెనీ విశాఖలో వర్తకస్థావరం పెట్టుకున్న తరువాత, అక్కడ కాపురమున్న దొరలకు తమ దేశపు తీరులో కుర్చీలు, వాలు మూత ఉన్న రాతబల్లలు, సొరుగుల బీరువాలు కావలసివచ్చాయి. ఆకారం వారిది. ఆ ఆకారానికి అందం తెచ్చినది మాత్రం ఇక్కడి కంసాలి కుటుంబాల చెయ్యి.

[తెరపై: దంతపు రేకు మీద ఉలి కదలిక]

పని జరిగే తీరు ఇది. రోజ్‌వుడ్ అని పిలిచే ఇరుగుడు వంటి గట్టి కర్రలో పువ్వు ఆకారానికి సరిపడా గుంటను తొలిచి, అదే కొలతకు కోసిన దంతపు ముక్కను అందులో కదలకుండా కూర్చుతారు. తరువాత దంతం మీద సన్నని పనిముట్టుతో గీతలు చెక్కి, కరిగించిన నల్లలక్కను వాటిలో నింపి, పైన మిగిలినదాన్ని గీకి నునుపు చేస్తే, లక్క గీతల్లో మాత్రమే నిలిచిపోతుంది. ఈ తీగలూ పువ్వులూ కోరమాండల్ తీరపు అద్దకపు బట్టల అంచులను గుర్తుకు తెస్తాయి. బట్ట మీది పువ్వు కర్ర మీదికి పాకిందనడమే నాకు సబబుగా తోస్తుంది. 1756లో ఇక్కడికి వచ్చిన జాన్ కార్నెయిల్ అనే సైనికాధికారి, ఈ ఊరి అద్దకపు బట్టలనూ పొదుగుపనినీ రెండింటినీ మెచ్చుకుంటూ రాశాడు.

శతాబ్దం రెండో సగంలో పద్ధతి మారింది. దంతాన్ని అక్కడక్కడా పొదగడానికి బదులు, గంధపు చెక్కతో చేసిన వస్తువు మొత్తానికి పలుచని దంతపు రేకులు తొడిగారు. వాటి మీద అచ్చుబొమ్మలు చూసి ఇంగ్లండు భవనాలను చెక్కారు. ఆ భవనాలను కళ్ళారా చూడని మనిషి, వాటి కిటికీలను, స్తంభాలను అంత పొందికగా గీయగలగడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ మరణించాక 1781లో అతని సామాను వేలానికి వచ్చినప్పుడు, మూడో జార్జి రాజు అందులోని దంతపు కుర్చీలను, ఇతర వస్తువులను షార్లెట్ రాణి కోసం కొన్నాడు. అవి నేటికీ బ్రిటన్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. కొన్నవారి పేరు, అమ్మకం జరిగిన ఏడాది పత్రాల్లో నిలిచాయి కాని, చేసినవారి పేరు ఒక్కటీ నిలవలేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

పంతొమ్మిదో శతాబ్దంలో పెద్ద సామాను తగ్గి, దుప్పికొమ్ము, తాబేటి చిప్ప, ముళ్ళపంది ముళ్ళతో అలంకరించిన చిన్న పెట్టెలు ఎక్కువయ్యాయి.

[తెరపై: చిన్న నగల పెట్టె]

అటువంటి పెట్టె మీ ఇంట్లో తరతరాలుగా ఉంటే, తడిగుడ్డతో తుడవకండి, ఎండలో పెట్టకండి. తేమ మారినప్పుడు దంతమూ కర్రా ఒకే తీరున సాగవు, ముడుచుకోవు కాబట్టి రేకు పగులుతుంది. వేడి తగిలితే గీతల్లోని లక్క మెత్తబడుతుంది. మన దేశంలో దంతం వ్యాపారం నిషిద్ధం కనుక దానిని అమ్మాలన్న ఆలోచన పెట్టుకోకండి. పొడి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, నీడపట్టున ఉంచండి.