మీ ఏసీ నిజంగ ఎన్ని టన్నులు? స్టిక్కర్ చూసి లెక్క కట్టుడెట్ల

నమస్తే అందరికీ. ఎండలొచ్చినయ్, నల్లగొండల ఎవర్ని కదిలిచ్చినా ఒకటే మాట: టన్ను సరిపోతదా, ఒకటిన్నర తీసుకోవాల్నా? టన్నంటే ఏసీ బరువు కాదు, గదిల కెళ్లి ఎంత వేడిని బయటికి తోస్తదో చెప్పే కొలత. ఇయ్యాల ఆ లెక్క జేద్దాం.

ముందు గది. టేపు పట్టిన, ఇటు 12, అటు 14. గుణించుండ్రి, 168 స్క్వేర్ ఫీట్లు. ఎవరన్నా గజాల్లో చెప్తే 9తోటి గుణించుండ్రి. అటూ ఇటుగ 120 దాకా టన్ను, 180 దాకా ఒకటిన్నర, ఆ పైన రెండు. మాది పై అంతస్తు, పొద్దంత కాలిన స్లాబు రాత్రి పదింటికి గూడ సెగ గొడ్తది. అట్లాంటోళ్లు అంచు మీదుంటే ఒక మెట్టు పైకి పోవుండ్రి. గది అయిపోయింది.

ఇప్పుడు స్టిక్కర్. ఇగో, స్టార్లున్నది. దగ్గరికి తెస్త... కనబడుతుందా? కూలింగ్ కెపాసిటీ, 5,000 వాట్లు. ఇన్వర్టర్ ఏసీకి, అంటే అవసరాన్ని బట్టి జోరు తగ్గించుకునేదానికి, రెండుంటయ్, నూరు శాతం జోరుది, యాభై శాతం జోరుది. నూరు శాతందే తీసుకోవాలె. ఒక టన్నుకు 3,517 వాట్లు. భాగించుండ్రి, 1.42. అంటే ఒకటిన్నర అని అమ్మేది నిండ ఒకటిన్నర లేదన్నట్టు.

నేనైతే ఫోన్ గూడ తియ్య. 3,517ను 3,500 అనుకుంట, దాని రెండింతలు ఏడు వేలు, గందుకే వాట్లను రెండింతలు జేసి ఏడుతోటి భాగిస్త. పదివేలు బై ఏడు, పద్నాలుగు వందల చిల్లర, వెయ్యితోటి భాగిస్తే 1.4. షాపుల నిలబడి నోటితోనే అయిపోతది.

ఇగ ఈడ జర ఆగుండ్రి. నేను దెబ్బతిన్నది ఈడనే. ఏసీ పక్కపొంటి ఇంకో ప్లేటుంటది, ఇదిగో. దీని మీద గూడ వాట్లే. ఇన్‌పుట్ పవర్, 1,500. మొదటిసారి నేను దీన్ని వట్టుకొని 3,517తోటి భాగించిన. ఎంతొచ్చింది? 0.43! అర టన్ను గూడ లేదు. షాపాయనతోటి లొల్లి వెట్టుకున్న, "ఒకటిన్నర అని చెప్పి ముంచినవ్" అని. పాపం ఆయనకూ సమజ్ గాలే. మళ్ల చెప్తున్న, ఈ 1,500 ఏసీ గుంజే కరెంటు. ఆ 5,000 ఏమో గదిల కెళ్లి బయటికి తోసే వేడి. 1,500తోటి 5,000 ఎట్లొచ్చింది అంటే, ఏసీ చల్లదనాన్ని తయారు జెయ్యదు, ఉన్న వేడిని మోసుకపోయి బయట పారేస్తది. మోసే ఖర్చు వేరు, మోసిన బరువు వేరు. స్టార్ల స్టిక్కర్ చూడుండ్రి, ఈ ప్లేటు కాదు. ప్లేటు దేనికి పనికొస్తదంటే, వైరు, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్చు) ఎంతది వెయ్యాల్నో చూసుకోనీకి.

ఇంకోటి. ఆ 5,000 అనేది బయట 35 డిగ్రీలు, లోపల 27 ఉన్నప్పుడు కొలిచింది. మనకు మే నెలల 44, 45 కొడ్తది గద. అప్పుడు అదే మిషన్ అంత వేడిని తొయ్యలేదు, తగ్గుతది. గందుకే 1.42 చూసి "దగ్గరదగ్గర ఒకటిన్నరే గద" అని అంచుకు కొనకుండ్రి.

అవుట్‌డోర్ యూనిట్ స్లాబు మీద ఎర్రటెండల వెడ్తరు కొందరు. పైన చిన్న రేకు నీడ వెయ్యుండ్రి, కానీ మూసెయ్యకుండ్రి. ముందల ఫ్యాన్ గాలి పోయే జాగ, వెనకాల గాలి గుంజే జాగ రెండూ ఖాళీగుండాలె. ఇగో మాది, గోడకు ఇంత ఎడం ఇచ్చిన.