ఆల్బమ్‌లో దొరికిన తెల్ల మెరుపు

అందరికీ నమస్కారం. ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్ల ఫోన్లలో ఫోటోలు వేలల్లో ఉంటాయని నేను పందెం కాస్తాను. బోసినవ్వు ఒకటి, ఉయ్యాలలో ఒకటి, నలుగు పెట్టి నీళ్లు పోస్తుంటే గుక్కపట్టి ఏడ్చింది ఒకటి. వీటితో వైద్య పరిశోధన చెయ్యొచ్చని ఎవరికైనా తోస్తుందా? అమెరికాలో ఒక నాన్నకు తోచింది.

ఆయన పేరు బ్రయన్ షా, టెక్సాస్‌లోని బేలర్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. కంటి డాక్టరు కాదు. 2008లో, వాళ్ల బాబుకు మూడో నెల వచ్చేసరికి వాళ్లమ్మ ఒకటి గమనించింది. ఫ్లాష్ వేసి తీసిన ఫోటోల్లో కనుపాప ఎర్రగా పడాల్సింది తెల్లగా మెరుస్తోంది. డాక్టర్లు చూసి రెండు కళ్లలోనూ రెటినోబ్లాస్టోమా అని తేల్చారు. అంటే కంటి లోపలి రెటీనా పొరలో పుట్టే క్యాన్సర్ గడ్డ, ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. మందులు, రేడియేషన్ అన్నీ అయ్యాక ఒక కన్ను దక్కింది, కుడి కన్ను మాత్రం తీసేయాల్సి వచ్చింది.

"అయ్యో, ముందే చూసుకోలేదే" అని అలాంటప్పుడు ఏ తల్లిదండ్రులైనా కుమిలిపోతారు. ఈయనేమో కూర్చుని పాత ఫోటోలన్నీ తిరగేశాడు. బాబు పుట్టిన పన్నెండో రోజు ఫోటోలోనే ఆ తెల్ల మెరుపు ఉంది!

అసలు సంగతి ఇక్కడే ఉంది. కంట్లో తెల్ల మెరుపు ఈ జబ్బుకు గుర్తని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు, తల్లిదండ్రులే ముందు దాన్ని కనిపెడతారని కూడా తెలుసు. కానీ ఇంట్లో మామూలుగా తీసుకున్న ఫోటోలో ఆ మెరుపు జబ్బు మొదటి దశలోనే కనిపిస్తుందా అనేది అప్పటిదాకా ఒక్క పిల్లవాడి విషయంలోనైనా ఎవరూ పరీక్షించి చూడలేదు. ఎలా చూస్తారు చెప్పండి, డాక్టరు ముందు బిడ్డ ఉండేది పది నిమిషాలు, మిగతా రోజంతా ఇంట్లోనే కదా. ఆ ప్రశ్న ఇంట్లోవాళ్లకే పుట్టాలి.

ఆ ప్రశ్నకు జవాబు వెతికిన పరిశోధన 2013లో ప్లాస్ వన్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. జబ్బు వచ్చిన తొమ్మిది మంది పిల్లల ఫోటోలు చూశారు, అందులో ఈ బాబువే మూడేళ్లలో తీసినవి ఏడు వేలకు పైన. వాడిన సామాను ఫోటోషాప్, ఎక్సెల్, అంటే మన ఊళ్లో ఫోటో స్టూడియో అబ్బాయి దగ్గర ఉండేవే. మెరుపు మొదట్లో ఎప్పుడో ఒక ఫోటోలో పడుతుంది, జబ్బు ముదిరేకొద్దీ ఎక్కువ ఫోటోల్లో పడుతుంది, తగ్గేకొద్దీ మెరుపూ తగ్గుతుంది అని తేలింది. నాకు బాగా నచ్చింది ఇంకోటి, రచయితల పేర్లలో ఆ అమ్మానాన్నల పేర్లూ ఉన్నాయి. వాళ్లు ఫోటోలిచ్చి పక్కకు తప్పుకోలేదు.

తర్వాత ఆ మెరుపును వెతికే ఫోన్ యాప్ కూడా తయారైంది. 2019లో అచ్చయిన పరీక్షలో 40 మంది పిల్లలవి దాదాపు 53 వేల ఫోటోలు దానికిచ్చారు. కంటి జబ్బున్న 20 మందిలో 16 మందికి, డాక్టర్లు జబ్బు తేల్చడానికి సగటున 1.3 సంవత్సరాల ముందు తీసిన ఫోటోల్లోనే మెరుపును పట్టింది. నలుగురిని వదిలేసింది, అదీ చెప్పుకోవాలి. యాప్ ఏమీ లేదంది కదా అని నిశ్చింతగా కూర్చోకూడదు.

మరి మన దగ్గర? పరిశోధనలో రోగిని కలుపుకోవడమంటే కాగితం మీద సంతకం పెట్టించుకోవడమే అనుకునేవాళ్లు ఇంకా చాలామంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం నైతిక కమిటీలో, అంటే పరిశోధన రోగులకు న్యాయంగా జరుగుతుందా అని ముందే చూసే బృందంలో, వైద్యంతో సంబంధం లేని సామాన్యుడొకరు ఉండాలి. మంచిదే, కానీ ఆయన దగ్గరికి కాగితం వచ్చేసరికి పరిశోధన ప్రశ్న ఎవరో రాసేసి ఉంటారు. ముందే ఒక అమ్మను కూర్చోబెట్టి అడిగితే వేరే ప్రశ్నలు వస్తాయి. అర్ధరాత్రి యాప్ ప్రమాదం అని చూపిస్తే తెల్లారేదాకా ఆ టెన్షన్ ఎవరు భరించాలి, మా పాప ఫోటోలు ఎవరి కంప్యూటర్లోకి పోతాయి, పల్లెటూరి నుంచి బస్సెక్కి వస్తే ఆ రోజు కూలి సంగతేంటి. "మెల్లకన్ను అదృష్టమే, వదిలెయ్" అని ఇంట్లో పెద్దావిడ అంటే ఏం చెప్పాలి అని కూడా అడుగుతుంది. మెల్లకన్ను కూడా ఈ జబ్బు గుర్తుల్లో ఒకటి. ఈ అదృష్టం మాట వల్ల ఎన్ని నెలలు పోతాయో కోడలికి తెలిసినంతగా పరిశోధకుడికి తెలుస్తుందా?

అన్నట్టు, తెల్లగా మెరిసిన ప్రతి కన్నూ క్యాన్సర్ కాదు. బిడ్డ పక్కకు చూస్తున్నప్పుడు వెలుగు కంటినరం మీద పడినా మెరుస్తుంది, పుట్టుకతో శుక్లం ఉన్నా తెల్లగా పడుతుంది. కానీ మళ్లీ మళ్లీ కనబడితే ఆగొద్దు. ఫోన్లో ఎర్రకన్ను తీసేసే సెట్టింగ్ ఉంటే ఆపేయండి, అది ఫోటోను సరిచేస్తూ గుర్తునే చెరిపేయొచ్చు. డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు ఆ ఫోటోలే చూపించండి, "చుక్కల మందు వేసి కంటి లోపల చూడండమ్మా" అని నోరు తెరిచి అడగండి.