వాచిన కన్ను, మూసుకుపోయిన ముక్కు

రమణి: నమస్కారం. నెమళ్లకు వాడే కంటి చుక్కలు, యాంటీబయాటిక్‌ల గురించి ఈసారి వరుసగా చెబుతామని మాట ఇచ్చాం. నెమళ్లను పెంచడానికి చట్టం ఒప్పుకునే చోట ఉన్నవారికే ఈ మాటలు. శ్రీనూ, జబ్బు పక్షి గూట్లో వాడే నీలం బకెట్ బయట పెట్టే వచ్చావు కదా?

శ్రీను: పెట్టాను వదినా. పెట్టకపోతే మీరు లోపలికి రానిస్తారా?

రమణి: సరే, మొదలుపెట్టు.

శ్రీను: కన్ను వాచి రెప్ప మూతపడగానే కంట్లో ఏదో పడిందనుకుంటాం. చాలాసార్లు వాచేది కన్ను కాదు, దాని కింద, ముక్కు పక్కన ఉండే సైనస్. అందులో చీము చేరి బుగ్గ పొంగుతుంది. పక్షి చీము మన చీములా కారదు, అట్టకట్టిన పిండిలా గట్టిపడుతుంది. ఎన్ని చుక్కలు వేసినా ఆ ముద్ద కరగదు. పశువైద్యుడు తీయవలసిందే.

రమణి: ఇంట్లో సూదితో గుచ్చి పిండవద్దు. ఆ మాట గట్టిగా చెప్పు.

శ్రీను: అసలు గుచ్చవద్దు. మనం చేయగలిగింది గోరువెచ్చని సెలైన్‌తో తడిపి, అంటుకున్న రెప్పను మెల్లగా విడదీయడం. ఇంట్లో ఉన్నాయి కదా అని స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేయవద్దు. నల్లగుడ్డు మీద పుండు ఉంటే అది ముదిరి చూపే పోతుంది.

రమణి: వీటన్నిటికంటే ముందు గూట్లో మోకాళ్ల మీద కూర్చుని గాలి పీల్చి చూడాలి. గూట్లో పరిచి, రెట్టలతో నానిన పొట్టు నుంచి వచ్చే అమోనియా నిలబడిన మనిషికి అంతగా అందదు, పక్షి పీల్చే ఎత్తులో ఎక్కువగా ఉంటుంది. దానికి కళ్లు మండుతాయి. శ్వాసనాళంలో దుమ్మును బయటికి తోసే సన్నని నూగు పనిచేయడం మానేస్తుంది. అప్పుడు ఏ క్రిమికైనా దారి తెరిచినట్టే.

శ్రీను: మూడు భాగాలుగా ఇదే చెబుతున్నారు వదినా.

రమణి: నాలుగోసారీ చెబుతాను. మందు డబ్బా తెరిచే ముందు పొట్టు మార్చాలి. సరే, మందుల దగ్గరికి రా.

శ్రీను: మా పెద్దాయన, అదే మా మగ నెమలి, వాడి సంగతితోనే వస్తాను. మొదట తుమ్ములు, తరవాత కంటి మూలలో సబ్బు నురగలాంటి బుడగలు. ఆ నురగ చూడగానే డాక్టరు గారు మైకోప్లాస్మా అనే క్రిమి అయి ఉండవచ్చని అనుమానించి పరీక్షకు పంపారు. అదేనని తేలింది. ఆ క్రిమికి కణ కవచం ఉండదు. పెన్సిలిన్ దెబ్బ కొట్టేది ఆ కవచాన్నే కనుక ఇక్కడ దానితో పని జరగదు. టైలోసిన్ ఇచ్చారు. కొందరికి డాక్సీసైక్లిన్ రాస్తారు. అప్పుడు మేతలో వేసే గుల్లల పొడి పక్కన పెట్టాలి, కాల్షియం ఆ మందును పట్టేసుకుంటుంది.

రమణి: నీళ్లలో కలిపి ఇచ్చావా?

శ్రీను: లేదు. జబ్బు పక్షి నీళ్లు సరిగా తాగదు, మందు ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు. ఇంజెక్షన్లే చేశారు. తువ్వాలు కప్పి, రెక్కలు చేరదీసి, చంకలో పట్టుకున్నాను. రొమ్ము మీద ఒత్తిడి పడనివ్వలేదు. పక్షికి మనలా ఊపిరి ఆడించే కండర పొర, డయాఫ్రమ్, ఉండదు కదా, రొమ్మెముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ఇప్పుడు కన్ను పూర్తిగా తెరిచాడు. ఆదివారం గుంపులో కలిపేస్తాను.

రమణి: కలపవద్దు.

శ్రీను: బాగైపోయాడు వదినా!

రమణి: బాగైనట్టు కనిపిస్తున్నాడు. మైకోప్లాస్మా మందుతో అణుగుతుంది కానీ ఒంట్లోంచి పూర్తిగా పోతుందని నమ్మడానికి లేదు. చలి, ఈకలు రాల్చే కాలం, చోటు మార్పు, ఏ ఒత్తిడి వచ్చినా తిరగబెడుతుంది. లోపల ఆడ నెమళ్లు ఉన్నాయి, వాటికి అంటితే గుడ్డు ద్వారా పిల్లలకు చేరుతుంది.

శ్రీను: మళ్లీ పరీక్ష చేయిస్తాను. గొంతులోంచి దూది పుల్లతో తీసి పంపితే తెలుస్తుంది కదా?

రమణి: లేదని వచ్చినా ఆ రోజు ఆ పుల్లకు అంటలేదనే అర్థం.

శ్రీను: మరి ఏం చేయమంటారు? ఇరవై ఏళ్ల దాకా బతికే పక్షి. ఒంటరిగా ఉంచాలా? సాయంత్రం అటు నుంచి అవి అరిస్తే వాడు కంచె దగ్గరికి వచ్చి నిలబడతాడు. తోక కంచెకు రాసుకుని ఈకలు విరుగుతున్నాయి.

రమణి: నాకు తెలియదనుకున్నావా? నేను మాత్రం రోజూ చూడటం లేదా?

శ్రీను: ...

రమణి: అంతా ఒకటే గుంపు, కొత్త పక్షి రాదు, పిల్లలను ఎవరికీ ఇవ్వం అనుకుంటే, తెలిసే కలుపుకుని బతికేవాళ్లూ ఉన్నారు. కానీ నువ్వు పిల్లలను ఇస్తావు. అక్కడే నాకు ఒప్పుకోవడం కష్టం.

శ్రీను: ఇవ్వడం మానేస్తే?

రమణి: ఒక్క ఏడాది కాదు. ఎప్పటికీ.

శ్రీను: ఆలోచించాలి.

రమణి: ఆలోచించు. ఈలోగా ఆ గూట్లో కూర్చుని...

శ్రీను: కూర్చున్నాను వదినా, ఉదయమే. ఘాటు లేదు.

రమణి: మంచిది. మందుల జాబితాకు సమయం లేదు, ఒక్కటి చెప్పి వదిలేస్తాను. నోరు బార్లా తెరిచి, మెడ చాచి, తల విదిలిస్తుంటే అది గాలిగొట్టంలో చేరిన ఎర్ర పురుగు కావచ్చు. ఆడ, మగ అతుక్కుని వై అక్షరంలా ఉంటాయి. వానపాములు తింటే వస్తుంది. దానికి యాంటీబయాటిక్ ఎందుకూ పనికిరాదు, ఫెన్‌బెండజోల్ లాంటి పురుగుల మందు కావాలి. పక్షులు వరుసగా చనిపోతుంటే మాత్రం ముట్టుకోకుండా పశుసంవర్ధక అధికారులకు చెప్పండి, బర్డ్ ఫ్లూ కావచ్చు.

శ్రీను: బూజు పట్టిన పొట్టు సంగతి?

రమణి: అవును, ఆ బూజు ఊపిరితిత్తుల్లో చేరితే యాంటీబయాటిక్ ఏమీ చేయదు. అందుకే పొట్టు అంటున్నాను...

శ్రీను: ఉండండి. విన్నారా?

రమణి: తుమ్మా?

శ్రీను: పెద్దాయన వైపు నుంచి కాదు. లోపలి గూటి నుంచి. నేను చూసి వస్తాను.