వాడి బోరు ఎప్పుడు ఎండింది?

వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ముందు రెండు వరసలు ఎట్లాగూ ఖాళీగానే ఉన్నాయి, నేనేం ప్రశ్నలు అడగను. సాఫ్ట్‌వేర్ కంపెనీల కోర్టు గొడవల మీద మాట్లాడమని పిలిచారు. నేను లాయర్ని కాను. ఇరవై ఏళ్లుగా కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ని, మొదట్లో బెంగళూరు, తర్వాత ఇక్కడే మన తిరుపతిలో. కాబట్టి సెక్షన్లు తక్కువ చెప్తాను, వ్యాపారం సంగతులు ఎక్కువ చెప్తాను.

మా తాతది చంద్రగిరి దగ్గర పల్లె. ఊళ్లో ఎవరైనా గట్టు తగాదా పెట్టుకుని ఆయన దగ్గరికొస్తే గట్టు చూడ్డానికి పోయేవాడు కాదు, కూర్చున్నచోటి నుంచే "వాడి బోరు ఎప్పుడు ఎండింది?" అని అడిగేవాడు. ఇరవై ఏళ్లు ఆ గట్టుని పట్టించుకోనివాడు ఈ ఏడే ఎందుకు పట్టించుకున్నాడన్నది ఆయన ప్రశ్న. సాఫ్ట్‌వేర్ దావాలు చదివేటప్పుడు నాకు ఈ ప్రశ్న పనికొచ్చినంతగా ఏ చట్టం పుస్తకమూ పనికిరాలేదు. మా కోడు, మా మేధస్సు, మా హక్కు అని పేజీలకు పేజీలు రాస్తారు చూడండి, అదంతా గట్టు. ఆ ఏడు ఆ కంపెనీకి డబ్బు ఎక్కడ వస్తోంది, ఎక్కడ ఆగిపోయింది, అదీ బోరు.

ఎస్‌సీఓ అని ఒక కంపెనీ ఉండేది, మీలో చాలామంది పేరు కూడా విని ఉండరు. దాని పాత పేరు కాల్డెరా, లినక్స్ అమ్ముకునే కంపెనీ, అంటే విండోస్ లాగా కంప్యూటర్ని నడిపే సాఫ్ట్‌వేర్. అవును, లినక్సే. 2001లో యూనిక్స్ అని అదే పని చేసే ఇంకా పాత సాఫ్ట్‌వేర్ వ్యాపారం కొనుక్కుని, మరుసటి ఏడు పేరు మార్చుకుంది. లినక్స్ మీద లాభం లేదు, యూనిక్స్ అమ్మకాలు చూస్తే దిగజారుతున్నాయి, బోరు ఎండిపోయింది. 2003 మార్చిలో ఐబీఎం మీద దావా వేసింది, మా యూనిక్స్ సరుకుని లినక్స్‌లో కలిపేశారు, వంద కోట్ల డాలర్లు కట్టండి అని. తర్వాత ఆ అంకె ఇంకా పెంచింది. అక్కడితో ఆగలేదు, లినక్స్ వాడే కంపెనీలన్నీ సర్వరుకి 699 డాలర్ల నుంచి మొదలయ్యే లైసెన్సు కొనుక్కుంటే మీ జోలికి రాము అంది. నిన్నటిదాకా తానే అమ్మిన సరుకు అది!

ఇక్కడ తమాషా ఏమిటంటే, దావా గెలవకుండానే డబ్బు మొదలైంది. మైక్రోసాఫ్ట్ వచ్చి లైసెన్సు కొంది, సన్ అనే కంప్యూటర్ల కంపెనీ కూడా డబ్బు కట్టింది. అప్పట్లో సర్వర్ల దగ్గర విండోస్‌కి పక్కలో బల్లెం లినక్సే, అది గుర్తు పెట్టుకుని మైక్రోసాఫ్ట్ ఎందుకు కొందో మీరే ఊహించుకోండి. ఏడాది మొదట్లో రెండు డాలర్లు కూడా లేని ఎస్‌సీఓ షేరు అక్టోబరుకి ఇరవై దాకా పోయింది. మరి కోడులో ఏ వరసలు ఎత్తుకుపోయారో చూపించమంటే? 2006లో ఆరోపణల్లో చాలా భాగాన్ని, సరైన వివరం చూపలేదని కోర్టే కొట్టేసింది. ఈలోపు యూనిక్స్ పాత యజమాని నోవెల్ కంపెనీ లేచి, అసలు యూనిక్స్ కాపీరైట్లు మేం అమ్మనే లేదు పొమ్మంది. 2007 ఆగస్టులో జడ్జి అదే నిజమన్నాడు, సెప్టెంబరులో ఎస్‌సీఓ దివాలా పిటిషన్ వేసింది, 2010లో జ్యూరీ కూడా నోవెల్ వైపే చెప్పింది. అంటే తనది కాని గట్టు కోసం ఏడేళ్లు కొట్లాడింది. కంపెనీ పోయినా కేసు పోలేదు, 2021లో ఐబీఎం 1 కోటి 42 లక్షల 50 వేల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. పద్దెనిమిదేళ్లు! కేసు వేసిన ఏడు పుట్టిన పిల్లలు అది ముగిసేసరికి ఇంజనీరింగ్ చదివే వయసుకొచ్చారు.

ఒరాకిల్, గూగుల్ కేసు మీకు తెలిసిందే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. జావా అనే ప్రోగ్రామింగ్ భాష ఆ సన్ కంపెనీదే. 2007లో గూగుల్ జావా వాడుకుని ఫోన్లకు ఆండ్రాయిడ్ ప్రకటించినప్పుడు సన్ పెద్దాయన బహిరంగంగా అభినందనలు చెప్పాడు, కోర్టుకి పోలేదు. ఒరాకిల్ దాదాపు 740 కోట్ల డాలర్లకు సన్‌ని కొనడం 2010 జనవరిలో పూర్తయింది, ఆగస్టులో గూగుల్ మీద దావా పడింది. గట్టు అదే, రైతు మారాడు, అంతే. గూగుల్ తీసుకున్నది జావాలో 37 ప్యాకేజీల్లోని, అంటే కోడు కట్టల్లోని, పేర్లు, పిలుపులు, దాదాపు 11,500 వరసలు. హోటల్లో సర్వరు "రెండు ఇడ్లీ, ఒక వడ" అని కేకేస్తాడే, ఆ కేక మాత్రం తీసుకుంది, వంట తనది తాను వండుకుంది. ఆ కేకలకు అలవాటుపడ్డ సర్వర్లు, అంటే జావా ప్రోగ్రామర్లు, తన హోటలుకి రావాలని. పదేళ్లు కింద మీద పడి, 2021 ఏప్రిల్లో అమెరికా సుప్రీంకోర్టు 6-2 తేడాతో ఇది న్యాయమైన వాడకమే, అంటే అనుమతి తీసుకోకపోయినా తప్పు కాదు అంది. ఆ కేకలకు అసలు కాపీరైటు ఉందా లేదా అన్నది మాత్రం తేల్చకుండా పక్కన పెట్టింది, నాకు అది ఇప్పటికీ నచ్చదు.

మన లడ్డూనే చూడండి, 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాంతో కాపాడుకునేది 'తిరుపతి లడ్డూ' అన్న పేరుని, బూందీతో లడ్డూ చుట్టడాన్ని ఎవరూ ఆపలేరు. ఏది పేరు, ఏది వంట, ఏది కేక అన్నది విడదీయడంలోనే సాఫ్ట్‌వేర్ లాయర్లు మేడలు కట్టుకున్నారు.

ఇట్లా చెప్తుంటే ప్రతి దావా వెనకా దురాశే ఉంటుంది, నేరం ఏమీ ఉండదు అనుకునేరు. కాదు. మన చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన ప్రతాప్ సి. రెడ్డి పెట్టిన అపోలో ఆసుపత్రుల కోసం టీసీఎస్ మెడ్ మంత్ర అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. అపోలోకి ఈ గొడవలో ఏ పాత్రా లేదు, ముందే చెప్తున్నా. దాన్ని అమెరికాలో అమ్మాలని టీసీఎస్‌కి ఉండేది. అక్కడ ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్లో పెద్ద తలకాయ ఎపిక్. టీసీఎస్ మనుషులు ఎపిక్ కస్టమరైన కైజర్ ఆసుపత్రులకు పనిచేస్తూ, కస్టమర్లకు మాత్రమే తెరిచే ఎపిక్ పోర్టల్లోకి ఒక ఉద్యోగి లాగిన్‌తో వెళ్లారు, వేల డాక్యుమెంట్లు దించుకున్నారు, ఆ లాగిన్ నలుగురూ పంచుకున్నారు. 2014లో దావా, 2016లో జ్యూరీ 94 కోట్ల డాలర్లు వేసింది, అది తగ్గీ తగ్గీ 28 కోట్లయింది, 2023లో అమెరికా సుప్రీంకోర్టు టీసీఎస్ అప్పీలు వినను పొమ్మంది. రూపాయల్లో రెండు వేల కోట్ల పైమాటే. ఎపిక్‌కి కొత్త పోటీదారు రాకూడదన్న స్వార్థం ఉండదా, ఉంటుంది. అయినా కంచె దాటింది నిజం. మీరు రేపు ఉద్యోగంలో చేరాక టీమ్ లీడ్ "ఆ పాస్‌వర్డ్ కొంచెం వాట్సాప్ చేయమ్మా" అన్నప్పుడు ఈ 28 కోట్లు గుర్తొస్తే నా ప్రసంగానికి అదే చాలు.

ఇంక నా సొంత గొడవ. బస్టాండు దగ్గర ఒక లాడ్జికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను, దాన్ని చూసుకుంటున్నందుకు ఏటా ఏఎంసీ అని కొంత డబ్బు కట్టేవాళ్లు. ఒక ఏడు కట్టలేదు. పోయి చూస్తే నా సోర్సు కోడుని వేరే కుర్రాడి చేతికిచ్చి మార్పించుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఓనరుని అడిగితే, "డబ్బిచ్చినాను, చేసిచ్చినావు, ఇంక నీదేంది నైనా?" అన్నాడు. లాయరు దగ్గరికి పోయాను.

"అగ్రిమెంటు ఉందా?"

"లేదు సార్."

"అయితే నువ్వే గెలుస్తావు."

నేను నమ్మలేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చూపించాడు. ఉద్యోగి రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే యజమానిది, నువ్వు ఉద్యోగివి కావు, బయటివాడివి, రాతపూర్వకంగా రాసిచ్చేదాకా కోడు నీదే అన్నాడు. తర్వాత కళ్లద్దాలు తీసి, "నీకు ఇట్లాంటి లాడ్జీలు ఎన్నున్నాయి?" అని అడిగాడు. పదకొండు. అక్కడ నాకు సిగ్గేసింది. నా ఏడుపు కోడు కోసం కాదు, మిగతా పదీ కూడా ఏఎంసీ ఆపేస్తాయేమోనని. మరి ఓనరు బోరు ఎందుకు ఎండింది? కౌంటర్ దగ్గరికొచ్చి గది అడిగేవాళ్లు తగ్గి, అందరూ ఫోన్లో బుక్ చేసుకొస్తున్నారు, ఆ బుకింగులు బిల్లింగ్‌లోకి నేరుగా రావాలని ఆరు నెలలుగా నన్ను అడుగుతున్నాడు, నేను రేపు మాపు అంటున్నాను. ఆ కుర్రాడు వారంలో చేసిపెట్టాడు.

నోటీసు పంపలేదు. కుర్రాణ్ని పిలిచి, డబ్బిచ్చి, అదే పని మిగతా పది లాడ్జీలకు చేయించుకున్నాను. ఈసారి తెలివిగా వాడి కోడు మీద హక్కులు నాకు రాసిచ్చినట్టు కాయితం మీద సంతకం కూడా పెట్టించుకున్నాను. ఆరో ఏడు వాడు ఫోన్ చేశాడు. "అన్నా, మన కాయితంలో ఎన్నేళ్లకో రాసుకోలేదు గదా, అట్లా రాయకపోతే చట్టం లెక్కన ఐదేళ్లేనంట" అన్నాడు.