ఆజ్ఞాపించగలిగి కూడా అడిగాడు: ఫిలేమోను పత్రికలో స్వేచ్ఛ, ప్రేమ

అందరికీ వందనాలు. బైబిల్లో ఫిలేమోను పత్రిక తీయమంటే చాలామంది విషయసూచిక వెతుక్కుంటారు. తీతుకి, హెబ్రీయులకి మధ్య ఒక్క పేజీ ఉంటుంది. 25 వచనాలు. పైకి చదివినా నాలుగు నిమిషాలు పట్టదు.

స్వేచ్ఛాచిత్తం, అంటే మనిషి తన ఇష్టంతో ఎంచుకోగలగడం, అనగానే మనం ఆదికాండం మూడో అధ్యాయానికో, రోమా తొమ్మిదికో పరిగెడతాం. రక్షణ విషయంలో మనిషి చిత్తానికి బలం ఎంత అని ఎరాస్మస్ అనే పండితుడు 1524లో ఒక పుస్తకం రాస్తే, సంస్కర్త లూథర్ 1525లో దానికి జవాబు రాశాడు. ఆ వాదన ఇంకా తేలలేదు, ఈ వీడియోలో తేలదు కూడా. మీరు లూథరన్ అయినా, బాప్టిస్టు అయినా, పెంతెకొస్తు అయినా ఆదివారం మధ్యాహ్నం ఇంటికెళ్లాక ఎదురయ్యే ప్రశ్న వేరే ఉంది. ఎదుటి మనిషి చేత ఒక మంచి పని చేయించాలి. అతని స్వేచ్ఛని తొక్కకుండా ఎలా అడగాలి? అపొస్తలుడు పౌలు ఫిలేమోనుకి రాస్తూ ఆ పని చేసి చూపించిన ఉత్తరం ఇది.

ముందు సంగతి ఏంటో చూద్దాం. ఫిలేమోను విశ్వాసి, ఇంట్లోనే సంఘం కూడుతుంది. ఊరు కొలొస్సయి అని కొలొస్సయి పత్రిక 4:9ని బట్టి తెలుస్తుంది. ఇప్పటి టర్కీలో దెనిజ్లి దగ్గర ఉంది. అతని బానిస ఒనేసిము ఖైదులో ఉన్న పౌలు దగ్గరికి చేరి విశ్వాసి అయ్యాడు. ఆ ఖైదు రోమాలోనిది అని సంప్రదాయం. ఎఫెసు అనేవాళ్లూ ఉన్నారు, ఎందుకంటే 22వ వచనంలో నాకు బస సిద్ధం చేయమంటున్నాడు. ఎఫెసు అయితే కొన్ని రోజుల నడక, రోమా అయితే సముద్రాలు దాటి రావాలి.

ఒనేసిము డబ్బు దొంగిలించి పారిపోయాడని ప్రసంగాల్లో తరచూ వింటాం. పత్రికలో ఆ మాట లేదు. 15వ వచనం కొద్దికాలం ఎడబాశాడు అంటుంది. 18వ వచనం నష్టం ఏదైనా చేసి ఉంటే అంటుంది, చేశాడని అనదు. యజమాని స్నేహితుడి దగ్గరికి మధ్యవర్తిత్వం కోసం వెళ్లిన బానిసని పారిపోయినవాడిగా లెక్కించకూడదని ప్రోకులస్ అనే రోమా న్యాయవేత్త అభిప్రాయం కూడా ఉంది. ఒనేసిముది అలాంటి కేసే అనేవాళ్లు ఉన్నారు. ఏదైనా సరే, యజమానికి కోపం వస్తే కొరడా, సంకెళ్లు, నుదుటి మీద వాత. అడిగే నాథుడు లేడు. ఆ మనిషి చేతికే ఈ ఉత్తరం వెళ్తోంది.

ఇప్పుడు పౌలు అడిగిన తీరు గమనించండి. 8, 9 వచనాల్లో, నీకు ఆజ్ఞాపించే ధైర్యం నాకుంది, అయినా ప్రేమని బట్టి వేడుకుంటున్నాను అంటాడు. అధికారం లేక బతిమాలడం కాదు ఇది. ఉన్న అధికారాన్ని అందరికీ కనబడేలా పక్కన పెట్టి అడగడం. తర్వాత 13, 14. ఒనేసిముని నా దగ్గరే ఉంచుకోవాలని ఉంది, కానీ నీ సమ్మతి లేకుండా ఏమీ చేయను, నీ మంచితనం బలవంతం మీద వచ్చినట్టు ఉండకూడదు, స్వేచ్ఛగా రావాలి. ఇక్కడ ఆగండి. తనకి అవసరమైన మనిషిని పౌలు నిజంగానే ఫిలేమోను దగ్గరికి వెనక్కి పంపేశాడు. ఫిలేమోను బహుశా సరే అనేవాడేమో. అయినా అతని తరఫున తనే సరే అనేసుకోలేదు. మన ఇళ్లలో, సంఘాల్లో ఎక్కువగా జారేది ఇక్కడే: "వాడు ఏమీ అనుకోడులే" అని ముందే నిర్ణయం చేసేసి, తర్వాత కబురు పెడతాం.

ఆపైన 17 నుంచి 19. నన్ను చేర్చుకున్నట్టే అతన్ని చేర్చుకో, బాకీ ఉంటే నా లెక్కలో రాయి, నేనే తీరుస్తాను అని తన చేత్తో రాసిచ్చాడు. అంటే అడిగినవాడే ఖర్చు నెత్తిన వేసుకున్నాడు.

దీని పక్కన ఇంకో ఉత్తరం పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. కొన్ని దశాబ్దాల తర్వాత ప్లినీ అనే రోమా పెద్దమనిషి తన స్నేహితుడు సబీనియానస్‌కి ఇలాంటి ఉత్తరమే రాశాడు, ఒకప్పుడు బానిసగా ఉండి విడుదలైన ఒకతన్ని క్షమించమని. ప్లినీ కూడా సున్నితమైనవాడే, నేను అడగడం కాదు బలవంతం చేస్తున్నాననుకుంటావేమో అని వెనకాడతాడు. కానీ అతన్ని బాగా చీవాట్లు పెట్టాననీ, మళ్లీ ఇలా సిఫారసు చేయనని బెదిరించాననీ చెబుతాడు. పౌలు ఉత్తరంలో ఒనేసిముని తిట్టిన మాట ఒక్కటీ లేదు. ప్లినీ దయ చూపించమంటాడు, పౌలు 16వ వచనంలో ఇకమీదట దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా అంటాడు. ప్లినీ కోరినట్టు చేస్తే కోపం చల్లారుతుంది. పౌలు కోరినట్టు చేస్తే ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదే మారిపోతుంది.

మరి పౌలు ఒత్తిడి పెట్టలేదా? పెట్టాడు. దాచాల్సిన పని లేదు. నీ ప్రాణమే నాకు బాకీ అని గుర్తుచేస్తాడు, 21లో నీ విధేయత మీద నమ్మకముంది అంటాడు, పైగా ఉత్తరంలో అప్ఫియ, అర్ఖిప్పు, ఇంట్లో కూడే సంఘం అందరినీ పలకరిస్తాడు. అంటే పదిమంది ముందు చదివే ఉత్తరం. ఇంత మొహమాటంలో కాదనడం కష్టమే. కానీ కాదంటే ఇది జరుగుతుంది అని ఒక్క బెదిరింపు లేదు. సంఘంలోంచి వెలివేస్తానని లేదు, దేవుడు శిక్షిస్తాడని లేదు. ఒత్తిడికీ బలవంతానికీ నా లెక్కలో గీత అక్కడ పడుతుంది.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యం. పౌలు త్యాగం అడిగింది ఎవర్ని? హక్కులన్నీ చేతిలో ఉన్న యజమానిని. దెబ్బలు తినగలిగే స్థానంలో ఉన్నవాడికి లొంగి ఉండు అని ఇందులో ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఇది తిరగేస్తే పత్రిక విషమవుతుంది, అయింది కూడా. 1830లలో అమెరికాలోని జార్జియాలో చార్లెస్ కోల్‌కాక్ జోన్స్ అనే పాస్టరు ఇదే పత్రిక తీసుకుని, పారిపోవడం పాపమని బానిసలకి బోధించాడు. వింటున్నవాళ్లలో సగంమంది లేచి వెళ్లిపోయారు. ఆ మాట ఆయనే రాసుకున్నాడు.

ఇవాళ అదే తప్పు వేరే రూపంలో కనిపిస్తుంది. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆడమనిషికి "క్షమించి కాపురానికి వెళ్లమ్మా, ప్రేమ అన్నీ సహిస్తుంది" అని చెప్పి పంపేస్తారు. అడగాల్సింది ఆమెని కాదు. ముందు ఆమె, పిల్లలు దెబ్బ తగలని చోట ఉండాలి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలంటే పక్కన కూర్చుని చేయించాలి. మారమని, లెక్క అప్పజెప్పమని అతన్ని నిలదీయాలి. క్షమాపణ ఎప్పుడు, అసలు ఇస్తుందా లేదా అన్నది ఆమె ఇష్టం. ఒనేసిముని వెనక్కి పంపేముందు పౌలు అతని ఇష్టం అడిగాడా అన్నది కూడా పత్రికలో లేదు. నాకు ఈ ఉత్తరంలో ఎప్పుడూ గుచ్చుకునే చోటు అది.

బలవంతానికి వాక్యం దొరకదా అంటే దొరుకుతుంది. ఉత్తర ఆఫ్రికాలో ప్రధాన సంఘం నుంచి విడిపోయిన డొనాటిస్టులు అనే క్రైస్తవుల మీద ప్రభుత్వ చట్టాలు వాడటం మొదట్లో ఇష్టంలేని అక్కడి బిషప్పు అగస్టీను, 408 ప్రాంతంలో రాసిన ఉత్తరంలో లూకా 14:23 చూపించి సమర్థించాడు. లోపలికి రావడానికి వాళ్లని బలవంతం చేయుము అన్న వచనం అది. ఉపమానంలో దారిన పోయే పేదవాళ్లని మొహమాటపడకుండా విందుకి రమ్మనే మాటని జరిమానాలకీ రాజదండనకీ అతికించాడు. దానికి ఆయన చెప్పిన కారణం, ఫలితం వచ్చిందని. భయంతో వచ్చినవాళ్లు తర్వాత సంతోషించారట. మార్కు 10లో ధనవంతుడైన మనిషిని యేసు ప్రేమించి, పిలిచి, అతను దిగులుగా వెళ్లిపోతుంటే వెళ్లనిచ్చాడు. బేరం తగ్గించలేదు, వెంటపడలేదు.

కానుకల విషయానికి వద్దాం, ఎందుకంటే మన దగ్గర ఒత్తిడి ఎక్కువ కనబడేది అక్కడే. మైకులో పేరూ, మొత్తమూ చదవడం, "ఐదు వేలు ఇచ్చేవాళ్లు చెయ్యెత్తండి" అనడం. పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేశాడు, ఆ పద్ధతి చూడండి. 1 కొరింథీ 16:2లో ప్రతి ఆదివారం ఎవరికి వారు తమ దగ్గర తీసిపెట్టుకోవాలి, నేను వచ్చాక చందాలు ఉండకూడదు అంటాడు. 2 కొరింథీ 8:8లో ఆజ్ఞగా చెప్పడం లేదంటాడు. 9:7లో ఎంతన్నది ఎవరి హృదయంలో వారు నిశ్చయించుకోవాలి, బలవంతంగా వద్దు. డబ్బు తీసుకెళ్లేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపించకుండా వేరేవాళ్లని కూడా వెంట పంపాడు, 8:20. కాబట్టి మీ సంఘంలో చందా ఉంటే అవసరమెంతో, ఖర్చు దేనికో వారం ముందే చెప్పండి. కవర్లు ఇళ్లకి పంపండి, పేర్లు చదవకండి. లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఉండాలి, వాళ్లు ఒకే కుటుంబంవాళ్లు కాకూడదు. మొదటి రెండు నెలలు డబ్బు తగ్గొచ్చు. ఆ తగ్గినంతా ఇంతకాలం మొహమాటం ఇచ్చిన డబ్బే.

ఇంట్లో పిల్లల సంగతీ అంతే. పదహారేళ్ల కుర్రాడిని కుటుంబ ప్రార్థనకి రమ్మనండి. రానంటే రాత్రి భోజనం దగ్గర మీ గొంతు మారుతుందా? మారితే మీరు అడగలేదు, ఆజ్ఞాపించారు. "నా మీద ప్రేమ ఉంటే వస్తావు" అన్న మాట మాత్రం అస్సలు వద్దు. పౌలు తన ప్రేమని బట్టి అడిగాడు, ఫిలేమోను ప్రేమని తాకట్టు పెట్టమనలేదు.

ఈ వారం మీ గృహకూడికలో పత్రిక మొత్తం ఒకరు పైకి చదవండి. తర్వాత ముగ్గురిని ఎంచుకోండి: ఒకరు ఫిలేమోను చోటునుంచి, ఒకరు అక్కడ కూర్చుని విన్న సంఘస్థుల చోటునుంచి, ఒకరు ఒనేసిము చోటునుంచి మాట్లాడాలి. ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు. మూడోవాళ్లకి కొంచెం ఎక్కువ టైం ఇవ్వండి, ఎందుకంటే 25 వచనాల్లో ఒనేసిము నోటి మాట ఒక్కటీ లేదు.