వీ-క్రాస్‌కి కొత్త షాక్స్: ఫ్రీగా వచ్చినవి పీకేసి మామూలువి ఎందుకు వేయించానంటే

అందరికీ నమస్కారం. ముందు అసలు సంగతి చెప్పేస్తాను, తర్వాత కామెంట్లలో తిట్టించుకోకుండా. ఇదిగో ఈ నాలుగు షాకబ్జర్లూ నేను కొన్నవి కావు. ఒక డీలర్ గారు ఫ్రీగా పంపారు. విడిగా డబ్బులేమీ ఇవ్వలేదు. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పుకోమన్నారు, పెద్దమనిషి. బాక్సు మీద టేపు ఎందుకుందని అడుగుతారు కదా, నేనే వేశాను. నా గొడవ ఆ కంపెనీతో కాదు, ఈ రకంతో. పేరు చెప్పానంటే మీరు విషయం వదిలేసి పేరు పట్టుకుంటారు.

బండి మీకు తెలిసిందే. ఇసుజు వీ-క్రాస్, 2016లో వచ్చిన మొదటి మోడల్, 2.5 లీటర్ ఇంజిన్. మన శ్రీసిటీలో తయారైన బండి. హార్స్ పవరెంత, టార్కెంత అన్నవి నేను చదవను, ఎక్కడైనా దొరుకుతాయి. ఈ వీడియోకి కావలసింది ఒక్కటే. ముందు చక్రాలకి డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి కిందొకటి రెండు ఆర్ములు పట్టుకుంటాయి, కాయిల్ స్ప్రింగులు. వెనక కమాన్ కట్టలు, అదే లీఫ్ స్ప్రింగులు. అంతే.

షాక్స్ పోయాయని ఎలా తెలిసిందంటే, బానెట్ నొక్కి చూస్తే కాదు. కారుకైతే ఆ టెస్టు కొంత పనికొస్తుంది. పికప్ వెనక భాగాన్ని మీరెంత నొక్కినా కట్టలు కదలవు, మీ నడుము పట్టేయడం తప్ప. నాకు టైరు చెప్పింది. ఇక్కడ చూడండి, అరచేయి ఇలా టైరు మీద పెట్టి చుట్టూ నెమ్మదిగా జరపండి. ఒకచోట ఎత్తు, తర్వాత పల్లం, మళ్లీ ఎత్తు. కంటికి అంతగా కనపడదు, చేతికి తెలుస్తుంది. చక్రం రోడ్డు మీద అతుక్కుని తిరగకుండా గెంతుతూ తిరిగితే ఇలా అరుగుతుంది. బ్యాలెన్సింగ్ సరిగా లేకపోయినా రావచ్చు కాబట్టి ముందు అది చూపించుకున్నాను. అక్కడ తేడా లేదు. పైగా గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే ఘాట్లో, మలుపు మధ్యలో గతుకు తగిలితే వెనక భాగం అడుగు పక్కకి జరిగేది. అలా జరిగినప్పుడల్లా టెన్షన్, పక్కన లోయ కదా.

కింద పడుకుని చూస్తే వెనక ఎడమ షాక్ మీద ఆయిల్ కారి, దుమ్ము పట్టి, నల్లటి ముద్ద అయిపోయి ఉంది. ఒక మాట. షాక్ మీద పల్చగా తేమలా కనిపిస్తే భయపడకండి, రాడ్ పైకీ కిందకీ ఆడినప్పుడు సీలు దగ్గర కొంచెం ఆయిల్ రావడం మామూలే. ధారగా కిందిదాకా కారితేనే దాని పని అయిపోయినట్టు. అలాంటప్పుడు ఒక్కటే మార్చకండి. అటూ ఇటూ జతగా మార్చాలి.

సరే, వచ్చినవాటి సంగతి. ఇవి మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టం ఉండే రకం. ‘హెవీ డ్యూటీ’ అని బాక్సు మీద ఇంత అక్షరాలు. ఇది పట్టుకోండి, ఎంత బరువుందో. ఈ పట్టీ కోశానంటే రాడ్ దానంతటదే బయటికొస్తుంది, చూడండి... వచ్చేసింది. లోపల నైట్రోజన్ గ్యాస్ గట్టి ప్రెషర్‌లో ఉంటుంది. గ్యాసుకీ ఆయిలుకీ మధ్య ఇంకో పిస్టన్ తేలుతూ రెండూ కలవకుండా చూస్తుంది. అందుకే గతుకుల్లో ఎంతసేపు ఆడినా ఆయిల్ నురగ కట్టదు, వేడి కూడా తొందరగా బయటికి పోతుంది. మంచి డిజైనే. కొత్తదీ కాదు. జర్మనీ షాక్స్ కంపెనీ బిల్‌స్టైన్ వాళ్లు 1957లోనే మెర్సిడెస్ కార్లకి వేశారు. కాబట్టి మోనోట్యూబ్ చెత్త అని నేను అనడం లేదు.

నా బండికి పనికిరాదు అంటున్నాను. ఎందుకో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఈ వీడియో చేసిందే దాని కోసం.

మన దగ్గర చాలామంది అనుకునేదేంటంటే, షాకబ్జర్ బరువు మోస్తుందని. ‘లోడు వేస్తే కూర్చుంటోంది అన్నా, గట్టి షాక్స్ వేయించు’ అంటారు. కూర్చునేది కట్టలు, షాక్ కాదు. షాక్ పని వేరు. సైకిల్ పంపు మూతి వేలితో సగం మూసి నొక్కితే చేతికి ఎలా ఎదురుతిరుగుతుంది? అదే దీని పని. లోపల పిస్టన్‌కి చిన్న రంధ్రాలు, వాటికి సన్నటి రేకు వాల్వులు, అందులోంచి ఆయిల్ దూరాలి. మెల్లగా నొక్కితే మెల్లగా దూరుతుంది. ఒక్కసారిగా నొక్కితే ఎదురుతిరుగుతుంది. అంటే స్ప్రింగు ఎంత వేగంగా కదలాలో ఇది చూసుకుంటుంది. ఎంత కిందికి దిగాలన్నది దాని చేతిలో లేదు. గ్యాస్ ప్రెషర్ వల్ల మోనోట్యూబ్ బండిని కొద్దిగా లేపినట్టు అనిపిస్తుంది, అది చూసి మోసపోవద్దు.

ఇప్పుడు హెవీ డ్యూటీ షాక్ దేనికి చేస్తారు? వెనక బరువున్న బండికి. లోడుతో కిందికి వంగిన కట్టలు వెనక్కి తన్నేటప్పుడు చాలా బలంగా తంతాయి. ఆ తన్నుడుని ఆపడానికి రీబౌండ్, అంటే షాక్ తిరిగి సాగేటప్పుడు ఎదురుతిరిగే బలం, గట్టిగా పెడతారు. నా బండి వెనక ఏముంటుంది? వారంలో ఎక్కువ రోజులు ఏమీ ఉండదు. తోటకి డ్రిప్పు పైపులు, అప్పుడప్పుడు బాగుచేయించడానికి మోటారు, దాణా బస్తాలు. మిగతా అంతా ఖాళీ. ఖాళీ పికప్‌కి వెనక కట్టలు అసలే గట్టి. పైన ఈ గట్టి షాక్ పడితే, చిన్న గుంతలో దిగిన చక్రం తిరిగి రోడ్డుని తాకేలోపే ఇంకో గుంత. చక్రానికి కిందికి దిగే తీరిక ఉండదు. గతుకుల మీద బండి వెనక భాగం మొత్తం టకటకా టకటకా.

మొదటిరోజు మా అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని గిద్దలూరు వెళ్లాను. కొత్త షాక్స్ అని గొప్పగా చెప్పాను కూడా. ఆవిడ దారంతా ఏమీ మాట్లాడలేదు. దిగాక, ‘ఒరే, పాతవి ఇంటికాడ పెట్టావా, పారేశావా?’ అంది. ఇంతకంటే రివ్యూ ఏం కావాలండీ!

వేగంగా వెళ్తే బాగానే ఉంది, అది ఒప్పుకోవాలి. హైవే మీద లారీని దాటి పక్క లేన్‌లోకి వచ్చేటప్పుడు బండి ఊగకుండా గీత గీసినట్టు వచ్చింది. వెనక ఎరువు బస్తాలు నిండా వేసినప్పుడైతే ఇంకా బాగుంది, అప్పుడే దీని అసలు రూపం కనిపించింది. కానీ నేను వారానికోసారి బాగుండే షాక్ కోసం మిగతా ఆరు రోజులు నడుం విరగ్గొట్టుకోను.

మా బావ సంగతి వేరు. ఆయనది బొలెరో పికప్. సీజన్లో మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకి తోలుతాడు. వెళ్లేటప్పుడు ఎప్పుడూ నిండా లోడే. ఆయనకి నేనే చెప్పాను, నువ్వు లోడుకి తగ్గవే వేయించుకో బావా అని. ఆయన ఖాళీగా వచ్చేటప్పుడు ఎగిరినా పట్టించుకోడు. ‘వచ్చేటప్పుడు ఒక్కణ్ణే కదా’ అంటాడు.

ఇంకొకటి, మోనోట్యూబ్‌కి ఒక బలహీనత ఉంది. ఇందులో పిస్టన్ ఈ బయటి గోడనే రాసుకుంటూ ఆడుతుంది. రాయి ఎగిరి గట్టిగా తగిలి సొట్ట పడిందంటే పిస్టన్ అక్కడ ఇరుక్కుంటుంది. ట్విన్ ట్యూబ్‌కి లోపల వేరే గొట్టం ఉంటుంది కాబట్టి బయట చిన్న సొట్ట పడినా దాని పని అది చేసుకుపోతుంది. కంకర రోడ్ల మీద తిరిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం. షాక్స్ గురించి కాదు, బిగించే పద్ధతి గురించి. షాక్ కింది చివర ఈ కన్ను, అంటే బోల్టు దూరే రింగు, ఉంది కదా, ఇందులో రబ్బరు బుష్, దాని మధ్యలో ఇనుప స్లీవ్. బోల్టు గట్టిగా బిగించగానే స్లీవ్ కదలకుండా పట్టేస్తుంది. ఇక అక్కడ్నుంచి షాక్ ఊగాలంటే రబ్బరు మెలితిరగాల్సిందే. మన మెకానిక్కులు ఏం చేస్తారు? బండిని జాకీ మీద లేపుతారు, చక్రాలు గాల్లో వేలాడుతుంటాయి, షాక్ పూర్తిగా సాగి ఉంటుంది, అక్కడే పానాతో బలమంతా పెట్టి బిగించేస్తారు. తర్వాత బండి కిందికి దించుతారు. బండి నిలబడి ఉన్నంతసేపూ ఆ రబ్బరు మెలికపడే ఉంటుంది. కొన్నాళ్లకి చీలుతుంది. తర్వాత కటకటమని చప్పుడు. ‘షాక్స్ పోయాయి సార్, డూప్లికేట్ వేసినట్టున్నారు’ అంటారు. షాక్ పోలేదు, బుష్ పోయింది. అదీ మీరు బిగించిన తీరు వల్ల పోయింది!

చెయ్యాల్సింది చాలా సులువు. బోల్టు చేత్తో తిప్పి వదులుగా ఉంచాలి. బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టాలి. అప్పుడు కిందికి దూరి ఆఖరి బిగింపు ఇవ్వాలి. కమాన్ కట్టల బుష్‌లకీ, ముందు ఆర్ముల బుష్‌లకీ ఇదే మాట. మీ బండి షెడ్డులో ఉన్నప్పుడు పక్కనే నిలబడి చెప్పండి. మొహమాటపడకండి. నేను చెబితే మా మెకానిక్ నవ్వాడు. నవ్వుకోనీ, బిగించింది మాత్రం కిందికి దించాకే.

పైన నట్టు దగ్గర ఇంకో తంటా. ఏళ్ల తరబడి వాననీళ్లు పడి తుప్పు పట్టి ఉంటుంది. పానా వేసినా తొందరగా కదలదు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే, డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి. పొద్దున సగం పని అయిపోయినట్టే. ముందువైపు మాత్రం ఇంట్లో ప్రయత్నించొద్దు. అక్కడ షాక్ చుట్టూ కాయిల్ స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది. స్ప్రింగుని నొక్కిపట్టే కంప్రెసర్ లేకుండా పై నట్టు విప్పితే స్ప్రింగు ఎటు ఎగురుతుందో చెప్పలేం, ప్రాణాలకే ప్రమాదం. అది విప్పిన తర్వాత అలైన్‌మెంట్ కూడా చేయించుకోవాలి.

సరే, చివరికి ఏం వేయించానంటే, ఒరిజినల్ తరహా ట్విన్ ట్యూబ్ గ్యాస్ షాక్స్. నా డబ్బుతో. ఫ్రీగా వచ్చిన సెట్టు ధరలో ఇవి సగం కూడా లేవు. పెట్టెలో పడుకోబెట్టి ఉంచినవి కాబట్టి, బిగించే ముందు ఇలా నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగాలి. మొదట్లో మధ్యలో చెయ్యి ఖాళీలో దూసుకుపోయినట్టు అనిపిస్తుంది, అది ఆయిల్ దారిలోకి చేరిన గ్యాస్. అది పోయి మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువు తగిలాకే బిగించండి. కొంతమంది ఇది చెయ్యకుండా బిగించేసి, కొత్తవే లూజుగా ఉన్నాయని వాపసు పంపుతుంటారు.

వీటితో ఘాట్లో ఆ పక్కకి జరగడం పోయింది. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి ఒక్కసారి ఊగి ఆగిపోతోంది. హైవేలో మోనోట్యూబ్ అంత బిగువు లేదు, లేదనే చెబుతున్నాను. అమ్మ ఏమీ అనలేదు. అంటే పాసయినట్టే.

నాబ్ తిప్పి గట్టిగా, మెత్తగా మార్చుకునేవి ఉన్నాయి కదా అంటారు. ఒక ఫ్రెండ్ బండికి ఉన్నాయి. మొదట్లో రోజూ పొద్దున్నే వంగి తిప్పేవాడు. ఇప్పుడు నాబ్ మట్టిలో కూరుకుపోయింది, ఏ నంబరు మీద ఉందో వాడికే తెలియదు. లిఫ్ట్ చేయించిన బండికైతే ఆ ఎత్తుకి తగ్గ పొడవు షాక్ తప్పనిసరి, లేకపోతే చక్రం దిగిన ప్రతిసారీ షాక్ పూర్తిగా సాగి కొట్టుకుంటుంది. నాది లిఫ్ట్ లేదు కాబట్టి అంతకంటే చెప్పను.

ఆన్‌లైన్‌లో బయటి దేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు మాత్రం ఇది వినండి. మన వీ-క్రాస్‌ని బయట డీ-మ్యాక్స్ అంటారు. అది థాయిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో బాగా అమ్ముడవుతుంది కాబట్టి ఓల్డ్ మ్యాన్ ఎము లాంటి కంపెనీల షాక్స్ దొరుకుతాయి. కానీ అక్కడ 2020కల్లా కొత్త తరం బండి వచ్చేసింది. మన దగ్గర 2021లో బీఎస్-6 పేరుతో వచ్చిన 1.9 లీటర్ వీ-క్రాస్ మాత్రం పాత తరందే. ‘నాది 2021’ అని అక్కడి కేటలాగ్ చూసి ఆర్డర్ పెడితే వేరే బండి షాక్స్ వస్తాయి. అలాగే ఇసుజు వాళ్లదే ఎస్‌యూవీ, ఎంయూ-ఎక్స్ వెనకవి తీసుకోకండి. దానికి వెనక కాయిల్ స్ప్రింగులు, మనకి కట్టలు.

కొనేముందు ఒక టేపు తీసుకుని, బండిని సమంగా ఉన్న చోట నిలబెట్టి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలవండి. ఎడమా కుడీ రెండూ. ఒకవైపు బాగా తక్కువుంటే మీకు కావలసింది షాక్స్ కాదు. కట్టలు చచ్చుబడ్డాయి. విజయవాడ ఆటోనగర్‌కి పోతే విప్పి మళ్లీ వంపు కొట్టిస్తారు, విరిగిన పట్టీ ఉంటే మారుస్తారు. అక్కడే ఆయిల్ మార్చి రంగు కొట్టిన పాత షాక్స్ కూడా చవగ్గా చూపిస్తారు. వద్దు.

కామెంట్లో ‘ఏది బెస్ట్ అన్నా’ అని మాత్రం అడగకండి. బండి ఏది, ఏ సంవత్సరం, వెనక మామూలుగా ఎంత బరువుంటుంది, లిఫ్ట్ ఉందా లేదా, ఈ నాలుగూ రాయండి. రాసినవాళ్లందరికీ ఆదివారం కూర్చుని జవాబిస్తాను.