లేకర్ స్కైట్రెయిన్ ఎందుకు మునిగింది? నల్లగొండ స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్కారం. మిర్యాలగూడ నుంచి ట్రావెల్ ఏజెంట్ అన్న, పాలమూరు నుంచి కామర్స్ లెక్చరర్ మేడం మనతో ఉన్నారు. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మన దగ్గర చాలా, అందుకే చౌక విమానం అనగానే అందరికీ ఆశ. అన్నా, మీరు చెప్పండి.

ఏజెంట్: లండన్ నుంచి న్యూయార్క్‌కు స్కైట్రెయిన్ అనే చౌక విమాన సర్వీసు నడిపిన బ్రిటన్ వ్యాపారి ఫ్రెడ్డీ లేకర్ అంటే నాకు చాలా గౌరవం అండి. 1971లో పర్మిషన్ అడిగితే మొదటి స్కైట్రెయిన్ లేచింది 1977 సెప్టెంబర్ 26న, అప్పటిదాకా ప్రభుత్వంతో, కోర్టుల్లో కొట్లాడుతూనే ఉన్నాడు. లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు 59 పౌండ్లే. ముందస్తు బుకింగ్ లేదు, ఆ రోజు పోయి లైన్లో నిలబడి టికెట్ కొనుక్కోవాలి, భోజనం కావాలంటే వేరే డబ్బులు. అమెరికా ఎప్పటికీ చూడలేం అనుకున్నోళ్లు చూసొచ్చారు.

యాంకర్: మరి 1982 ఫిబ్రవరి 5న మూతపడిందేంది?

ఏజెంట్: పెద్ద కంపెనీలు తొక్కేశాయి. 1981లో పాన్ యామ్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, టీడబ్ల్యూఏ రేట్లు దించి ఆయన మీద పడ్డాయి. తర్వాత లిక్విడేటర్, అంటే మూతపడ్డ కంపెనీ ఆస్తులు, అప్పులు చూసే అధికారి, వాటి మీద కేసు వేస్తే 1985లో డబ్బు కట్టి రాజీ చేసుకున్నాయి కదా!

మేడం: అది నిజమే అన్నా, కానీ అప్పు సంగతి వదిలేస్తే ఎట్లా? విమానాల అప్పంతా డాలర్లలో, టికెట్ల రాబడి ఎక్కువ పౌండ్లలో. 1981లో పౌండ్ బాగా పడిపోయింది, పైసా కొత్తగా అప్పు చేయకుండానే కిస్తీ పెరిగింది. దేవరకొండలో రూపాయల్లో సంపాదించే తండ్రి కొడుకు ఫీజు డాలర్లలో కట్టినట్టే. అప్పటికే 1979లో షికాగోలో ఒక డీసీ-10 విమానం కూలిన తర్వాత ఆ రకం విమానాలన్నీ, లేకర్‌వి కూడా, వారాల తరబడి నేల మీదే ఉన్నాయి, చమురు ధర మండిపోయింది. అయినా కొత్త ఎయిర్‌బస్‌లు తెచ్చాడు. నాకు కోపం వచ్చేది అక్కడే, ఎందుకంటే చివరికి వేలమంది ప్రయాణికులు రోడ్డున పడ్డారు.

యాంకర్: చిన్న రూట్లలో చౌక నడుస్తుంది కదా, దూరానికి ఎందుకు నడవదు?

మేడం: గంట ప్రయాణమైతే విమానం రోజుకు ఐదారుసార్లు తిరుగుతుంది, నేల మీద ఆగే టైమ్ తగ్గిస్తే లాభం అక్కడే. అట్లాంటిక్ దాటితే పోయి రావడానికే రోజంతా పడుతుంది, పెద్ద కంపెనీదీ అంతే, ఇంధనం ఇద్దరికీ ఒకటే. ఇంక మిగిలేదెక్కడ? నార్వే దేశపు చౌక విమాన కంపెనీ నార్వేజియన్ 2013లో బోయింగ్ డ్రీమ్‌లైనర్ విమానాలతో మళ్లీ ప్రయత్నించింది. అప్పుల మీద అప్పులు, రోల్స్ రాయిస్ ఇంజన్ల ఇబ్బంది, కోవిడ్... 2021 జనవరిలో దూరపు సర్వీసులు ఆపేస్తున్నామని చెప్పేసింది.

ఏజెంట్: అట్లని చౌక వద్దంటామా మేడం? మా ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగేది రేటే.

మేడం: వద్దనను అన్నా. 1984లో వర్జిన్ అట్లాంటిక్ విమాన కంపెనీ పెట్టినప్పుడు దాని యజమాని రిచర్డ్ బ్రాన్సన్ లేకర్‌నే సలహా అడిగాడు. చౌక సీట్లతో పాటు ముందువైపు ఖరీదైన సీట్లు కూడా పెట్టాడు, కంపెనీ ఇవాళ్టికీ ఎగురుతోంది.